ఎవరి వాటాలోనూ లేని నీడ

పోయిన వారం ఓబులేసు గేటు పాసు రెన్యువల్ కోసం సబ్హాన్‌లోని మా ఆఫీసుకు వచ్చాడు. నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. ఈ అరబ్బు దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు కాపీ, రెండు ఫొటోలు నా టేబుల్ మీద పెట్టి, నేను ఫారం నింపుతుంటే చూస్తూ నిలబడ్డాడు. "మ్మా, మామ పోయినాడంట. నీకు తెల్సా?" అన్నాడు.

"ఏ మామ?" అన్నాను, తెలిసే.

"కొలతల మామ. మొన్న శుక్రారం. మా తమ్ముడు ఫోను చేసి చెప్పినాడు. పొద్దన్నే టీ తాగి అరుగు మీద కూచున్నాడంట. కోడలు గ్లాసు తీసకపోదామని వచ్చి పిలిస్తే పలకలేదంట."

ఇఖామా నంబరు రాయాల్సిన గడిలో పాస్‌పోర్టు నంబరు వేశాను. ఆ ఫారం చించేసి ఇంకొకటి తీశాను. "పెద్దోడేలే మ్మా, బాధ పడకుండా పోయినాడు" అని ఓబులేసే నన్ను ఓదార్చి, పాసు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఎగైలాలో మా ఇంటికి చేరేదాకా ట్రాఫిక్‌లో ఆయన గురించే ఆలోచించాను. ఏడుపు రాలేదు. చాలాకాలంగా మోస్తున్నదేదో ఇంకాస్త బరువెక్కినట్టు అనిపించింది, అంతే. ఇంటికెళ్లి కుక్కర్ పెట్టాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. చివరిసారి ఆ పేరు నేను టైపు చేసింది ఒక తప్పు కింద. మళ్లీ టైపు చేయడానికి చేతులు రావడం లేదు.

మా కంపెనీ పని ఎడారిలో ఉన్న ఒక సైనిక శిబిరానికి మరమ్మతులు చేయడం. శిబిరంలో రెండు దేశాల సైన్యాలుంటాయి. స్థలం, నీళ్లు, కరెంటు ఇక్కడి ప్రభుత్వం ఇస్తుంది. లోపలి కట్టడాలు, వాటి బాగోగులు బయటి దేశం నుంచి వచ్చిన సైన్యం చూసుకుంటుంది. కొన్నిటికి ఖర్చు చెరి సగం. ఏది ఎవరి వాటాయో చెప్పే ఒప్పందం ఒకటుంది, దిండంత లావు. అందులో ఇక్కడివాళ్లు మొదటి పార్టీ, వచ్చినవాళ్లు రెండో పార్టీ. నెలనెలా జరిగిన పనిని కొలిచి, ఏ ముక్క ఎవరి వాటాలోకి వెళ్తుందో రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాలి. కొలిచేది ఆయన. టైపు చేసేది నేను.

విజయవాడ నుంచి వచ్చిన కొత్తలో ఆ ఒప్పందం చేతిలో పట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను. ఆయన ఎదురుగా, ఎ-ఫోర్ కాగితాల అట్టపెట్టెల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆఫీసులో ఎన్ని కుర్చీలున్నా ఆయన ఆ అట్టపెట్టెల మీదే కూర్చునేవాడు.

"ఏం పాపా, అర్థం కాలేదా?"

"లేదండీ. ఇక్కడ వాటర్ సప్లై ఫస్ట్ పార్టీ అంటాడు, అక్కడ వాటర్ ఫిట్టింగ్స్ సెకండ్ పార్టీ అంటాడు."

"పెండ్లి చూడలేదా నువ్వు? సత్రము ఆడపెండ్లోళ్లది. బ్యాండుమేళం మగపెండ్లోళ్లది. పాయసంలోకి జీడిపప్పు ఎవురు తేవల్లనేది యాడా రాసుకోలేదు. ఇంగ మనకు పని దొరికేది ఆ జీడిపప్పు కాడే." టీ గ్లాసు కింద పెట్టి, "జీడిపప్పు కొలిచేవాణ్ణి నేను" అన్నాడు. నవ్వలేదు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ.

ఏసీ చలికి ఆఫీసులో ఊదారంగు స్వెటరు వేసుకునేవాడు. ఎడారికి వెళ్లేటప్పుడు అది తీసి కుర్చీకి తగిలించి, హెల్మెట్ కింద తడి తువ్వాలు చుట్టుకునేవాడు. కంపెనీ ఇచ్చిన టేపును నమ్మేవాడు కాదు. సొంత స్టీలు టేపు ఉండేది. కొలత తీశాక దాన్ని అట్లాగే చుట్టనిచ్చేవాడు కాదు. రెండు వేళ్ల మధ్య తువ్వాలు ముక్క పట్టుకుని, టేపు దానిలోంచి జారుతూ లోపలికి పోయేలా చూసేవాడు. "ఇసక లోపలికి పోయిందంటే టేపు అబద్ధం చెప్తాది" అనేవాడు. ఆయన ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగా కమిలి ఉండేది.

కొలత చదవడంలో ఒక పద్ధతి ఉండేది. పక్కన నిలబడ్డ ఇక్కడి సైనికుడికి అరబ్బీలో చెప్పేవాడు. అటుపక్క నిలబడ్డ రెండో సైనికుడికి ఇంగ్లీషులో చెప్పేవాడు. తర్వాత తనలో తను తెలుగులో గొణుక్కుని, అప్పుడు పుస్తకంలో రాసేవాడు. ఇద్దరికీ చెప్పి, తను ఒప్పుకున్నాక గాని రాయడన్నమాట. పేచీలు పెట్టుకునే ఆ రెండు పార్టీలూ ఆయన అంకెను మాత్రం ఎప్పుడూ ప్రశ్నించలేదు. అంకె కింద ఆయన పొట్టి సంతకం కనిపిస్తే చాలు, పేజీ తిప్పేసేవారు.

చేరిన నెలకే నేను నాలుగు పాయింట్ సున్నా ఒకటిని నాలుగు పాయింట్ ఒకటి సున్నా అని కొట్టాను. ఆయన కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"తొమ్మిది సెంటీమీటర్లు పాపా."

"సారీ సార్, మారుస్తాను. తొమ్మిది సెంటీమీటర్లకి అంత తేడా ఏముంటుందిలెండి" అన్నాను, ఊరికే ఉండలేక.

ఆయన కోప్పడలేదు. ఆ బుధవారం నన్నూ శిబిరానికి తీసుకెళ్లాడు. కంచె పక్కన ఒక నీళ్ల పైపు నేలలోంచి పైకి లేచి, గోడలోకి వెళ్తోంది. రెండు పైపులు కలిసేచోట బోల్టులు బిగించి ఉన్నాయి. ఆ అతుకు దగ్గర నీళ్లు కారుతున్నాయి. కింద ఇసుకలో చిన్న మడుగు కట్టి, నాలుగు పిచ్చుకలు స్నానాలు చేస్తున్నాయి.

"ఈ బోల్టులు ఉండాయే, వీటికి ఇవతల వీళ్లది, అవతల వాళ్లది. కారేది సరిగ్గా నడాన. మూడు వారాలాయ. వీళ్లు వాళ్లకు రాస్తాండారు, వాళ్లు వీళ్లకు రాస్తాండారు. గోడ నుంచి నాలుగు మీటర్ల ఒక సెంటీమీటరు కాడ అతుకుండాది. హద్దు నాలుగు మీటర్లు; దానికి అయిదు సెంటీమీటర్లు అటో ఇటో ఉంటే హద్దు మీదే ఉన్నట్టు, అది దాటితే మొదటి పార్టీది. నువ్వు కొట్టిన తొమ్మిది సెంటీమీటర్లకు ఇది మొత్తం బోల్టులతో సహా ఒకరి నెత్తిన పడిపాయ."

ఒక బకెట్ తెచ్చి అతుకు కింద పెట్టి, అది నిండడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూశాడు. అదీ పుస్తకంలో రాశాడు. ఎవరూ అడగలేదు.

"ఎవరైనా ఒకరు బిగించేస్తే పోదా సార్?" అన్నాను.

"బిగిస్తే వాళ్లదని ఒప్పుకున్నట్టు గదా." పైపు మీద అరచెయ్యి ఆన్చాడు. "అందురూ మంచోళ్లే పాపా. వీళ్ల మేజరుకు నీళ్లు పోతాంటే నాకంటే బాధ. కాగితం దాటి చెయ్యి రాదు, అంతే."

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన నిద్రపోయాడు. తల కిటికీ అద్దానికి కొట్టుకుంటున్నా లేవలేదు. ఆయన ఎంత అలిసిపోయి ఉంటాడో ఆ రోజే మొదటిసారి గమనించాను. మర్నాడు పొద్దున నేను రాకముందే నా టేబుల్ కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి ఉన్నాయి. నా మోకాళ్లు సొరుగుకు తగులుతున్నాయని ఎవరికీ చెప్పలేదు. ఆయన చూసి కొలిచినట్టున్నాడు.

శిబిరానికి రెండు గేట్లుంటాయి. బయటి గేటు మొదటి పార్టీది. లోపలి గేటు రెండో పార్టీది. ఆ రెంటి మధ్య ఖాళీ జాగా. సరుకు లారీలు, ట్యాంకర్లు అక్కడ ఆగాలి. డ్రైవర్లు ఇంజను ఆపి, తాళాలిచ్చి, దిగి, బండికి దూరంగా పసుపు గీత వెనకాల నిలబడాలి. తనిఖీ అయ్యేదాకా బండి నీడలోకి కూడా రాకూడదు. ఒక్కోసారి అరగంట పడుతుంది, ఒక్కోసారి మూడు గంటలు. వేసవిలో మధ్యాహ్నం ఎండలో బయట పని చేయించకూడదని ఇక్కడ నియమం ఉంది. నిలబడటం పని కిందకు రాదు.

ఒక జూలైలో కొలతలకు వెళ్తూ మేం అక్కడ ఆగాం. మాది చిన్న కారు కాబట్టి త్వరగా వదిలేస్తారు. నేను లోపల ఏసీలోనే కూర్చున్నాను. ఆయన దిగి, పసుపు గీత దగ్గర నిలబడ్డ డ్రైవర్లను పలకరించడానికి వెళ్లాడు. అందరూ కడప, రాయచోటి, రాజంపేట వైపు వాళ్లే. వాళ్లే ఆయనకు కొలతల మామ అని పేరు పెట్టింది. రెడ్డెయ్య అని చిన్నమండెం మనిషి, సన్నగా ఉంటాడు, ఏదో చెప్తూ చెప్తూ కూర్చున్నట్టే కూలబడిపోయాడు. ముందు నవ్వుతున్నాడనుకున్నాను. ఆయన తన తల మీది తడి తువ్వాలు తీసి రెడ్డెయ్య ముఖం మీద వేసి, చుట్టూ చూశాడు. మోసుకెళ్లి పడుకోబెట్టడానికి ఎక్కడా నీడ లేదు; తనిఖీ అయ్యేదాకా డ్రైవరును గీత దాటించి మా కారులోకి ఎక్కించనివ్వరు. చివరికి తనే ఎండకు అడ్డంగా, అతని మీదికి వంగి నిలబడ్డాడు. నేను కారు దిగి నీళ్ల సీసా పట్టుకెళ్లేసరికి ఇసుక వేడికి చెప్పుల్లోంచి కాళ్లు కాలాయి. అంబులెన్సు లోపలి గేటువాళ్లు పంపాలా, బయటి గేటువాళ్లు పిలవాలా అని రేడియోల్లో మాట్లాడుకుంటున్నారు. ఎవరో ఒకరు పిలిచారు. ఇరవై నిమిషాలకు వచ్చింది.

రెడ్డెయ్య బతికాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. నెలకే ఉద్యోగం ఖలాస్ చేసి ఇంటికి పంపేశారు.

ఆ వారమే ఆయన ఆ ఖాళీ జాగాను కొలిచి వచ్చాడు. నా టేబుల్ దగ్గర నిలబడి ఉత్తరం చెప్పాడు. డ్రైవర్లు నిలబడే చోట ఒక రేకుల పందిరి, ఒక నీళ్ల కుళాయి కావాలని. మొదటి పార్టీకి ఒకటి, రెండో పార్టీకి ఒకటి. ఆ రెండింటికీ వచ్చిన జవాబుల మీద మళ్లీ రెండు. వేసవి అయిపోయింది. చలికాలంలో తొమ్మిదో ఉత్తరం టైపు చేశాక, మిర్కాబ్‌లోని ఒక ఆఫీసులో జరిగే నెలవారీ ఉమ్మడి సమావేశంలో ఆ విషయం చర్చకు పెట్టారు. మినిట్స్ రాయడానికి నేనూ వెళ్లాను.

మొదటి పార్టీ మేజర్ మర్యాదస్తుడు. ఆయనకు కుర్చీ చూపించాడు. ఆయన గోడకు ఆనుకునే నిలబడ్డాడు. "మా వాటా స్థలం, నీళ్లు, కరెంటు. కట్టడం మా వాటాలో లేదు. నాకు ఇష్టమే. కాని ఒక పందిరి కట్టామంటే రేపు ప్రతి పందిరీ మాదే అవుతుంది" అన్నాడు మేజర్.

రెండో పార్టీ ఇంజనీరు ఒక మహిళ, కెప్టెన్. నా వయసే ఉంటుంది. ఫైలు మూసి నేరుగా ఆయనవైపే చూస్తూ చెప్పింది. "మా డబ్బు మా మనుషులు వాడే వాటికే ఖర్చు పెట్టాలి. డ్రైవర్లు మా మనుషులు కారు. అది మా గేటు లోపల కూడా కాదు. నేను సంతకం పెడితే నా ఉద్యోగం పోతుంది. అయినా పందిరి రాదు."

మా మేనేజర్ గొంతు సవరించుకుని, డ్రైవర్లు సబ్‌కాంట్రాక్టర్ల మనుషులనీ, వాళ్ల బాగోగులు సబ్‌కాంట్రాక్టర్లే చూసుకోవాలనీ అన్నాడు. సబ్‌కాంట్రాక్టర్లను ఆ సమావేశానికి పిలవరు.

ముగ్గురూ చెప్పింది నిజమే. మినిట్స్‌లో అంతా రాశాను. చర్చించడమైనది, వాటా తేలనందున వాయిదా. లిఫ్టులో దిగుతున్నప్పుడు ఆయన అద్దంలో తనను తను చూసుకుంటూ, "ఎవురన్నా ఒకరు చెడ్డోడైనా బాగుండు పాపా. కొట్లాడుకునే దానికి" అన్నాడు.

మరుసటి వసంతంలో కుక్కలొచ్చాయి. లారీలను వాసన చూసే కుక్కలు, రెండు. వాటికి ఆ ఖాళీ జాగాలోనే షెడ్డు కావాలన్నారు. తనిఖీ ఇద్దరి భద్రత కోసమే కాబట్టి ఖర్చు చెరి సగం అని ఒకే ఉత్తరంలో తేలిపోయింది. రేకుల కప్పు, గాలి చల్లబరిచే కూలరు, నీళ్ల కుళాయి, కుక్కల వెంట ఉండేవాళ్లు కూర్చోవడానికి బల్లలు. ఒక్కో కుక్కకు మూడు మీటర్ల జాగా అని డ్రాయింగులో ఉంది. ఎన్ని కుక్కలన్న చోట ఖాళీ గడి. దాన్ని నింపి, మొత్తం పొడవు తేల్చి, అంచనా తయారు చేయాల్సింది ఆయన.

ఆయన పుస్తకం నా ముందు పెట్టాడు. అందులో కుక్కలు ఆరు, పొడవు పద్దెనిమిది మీటర్లు అని ఉంది.

"సార్, కుక్కలు రెండే కదండీ?"

ఆయన నావైపు చూడలేదు. స్వెటరు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. "నువ్వు కొట్టు పాపా. ఎవురన్నా అడిగితే సారు చెప్పినాడు, నేను కొట్టినా అను."

"అది కాదండీ..."

"నాకు తెల్సు ఏందో. కొట్టు."

కొట్టాను. ఆరు అనే అంకె కొట్టడానికి ఎంతసేపు పడుతుంది? మేజర్ ఆయన పొట్టి సంతకం చూసి సంతకం పెట్టాడు. కెప్టెన్ కూడా పెట్టింది. కుక్కలను లెక్కపెట్టడానికి ఎవరూ వెళ్లలేదు. ఆయన కొలిచాడు కదా.

మే నెలాఖరుకు పసుపు గీత వెనకాలే షెడ్డు తయారైంది. ఒక చివర రెండు కుక్కలు. మిగతాదంతా ఖాళీ. మొదట్లో డ్రైవర్లు దాని దగ్గరికి రావడానికి జంకారు. ఆయన వెళ్లి బల్ల మీద కూర్చున్నాడట. తర్వాత ఒకరొకరే వచ్చి కూర్చున్నారు. బయటి గేటు సైనికుడు చూశాడు, లోపలి గేటు సైనికుడు చూశాడు. అక్కడ కూర్చోకూడదని ఏ కాగితంలోనూ లేదు. కుక్కల వెంట ఉండే నేపాలీ అతను మాత్రం, "కుక్కలకు ఏమీ పెట్టకండి భయ్యా, నా ఉద్యోగం పోతుంది" అని హిందీలో బతిమాలుకున్నాడు.

రెండు వేసవులు అట్లా గడిచాయి. కొలతలకు వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. ట్యాంకర్లవాళ్లు కూలరు ముందు వరసగా కూర్చుని ఇంటికి వీడియో కాల్స్ చేసుకునేవారు. ఒకాయన కూతురికి పదమూడో ఎక్కం చెప్పించుకునేవాడు. కుక్కలు నాలుకలు బయట పెట్టి వింటూ పడుకునేవి. ఆ రెండేళ్లలో ఆ జాగాలో ఎవరూ పడిపోలేదు.

ఆయన మాత్రం ఆ షెడ్డులో మళ్లీ కూర్చోవడం నేను చూడలేదు. మా కారు అక్కడ ఆగితే ఎండలోనే నిలబడేవాడు. పిలిస్తే, "పర్వాలేదులే" అనేవాడు. కొలతలు తీసేటప్పుడు ఇద్దరు సైనికులకూ చెప్పడం మునుపటిలాగే ఉండేది. తనలో తను తెలుగులో అనుకోవడం మానేశాడు. చెప్పీ చెప్పగానే రాసేసేవాడు.

తర్వాత ఉమ్మడి తనిఖీ బృందం వచ్చింది. కొన్నేళ్లకొకసారి వస్తుంది. రెండు పార్టీల తరఫునా ఇద్దరిద్దరు, కట్టిన ప్రతిదాన్నీ కాగితంతో సరిచూస్తారు. షెడ్డు దగ్గర వాళ్లు కుక్కలను లెక్కపెట్టారు. దానికి టేపు అక్కర్లేదు.

మేనేజర్ మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు. హైదరాబాదు మనిషి, చెడ్డవాడు కాదు. "పెద్దాయనా, సింపుల్. కుక్కలు పెరుగుతయని ముందే ఆలోచన చేసి రాసిన అని చెప్పు. ఫ్యూచర్ రిక్వైర్‌మెంట్. వాళ్లు గూడ మూసేద్దామనే చూస్తున్నరు" అన్నాడు. ఆ ఉత్తరం నేను అప్పటికే టైపు చేసి పెట్టాను. ఆయన సంతకం పెడితే చాలు.

ఆయన దాన్ని పూర్తిగా చదివాడు. నిదానంగా మడిచాడు. "బాగా రాసినావు పాపా" అన్నాడు నాతో. మేనేజర్ వైపు తిరిగి, "కుక్కలు రెండే సార్. ఆరని తెల్సీ రాసినా. మిగిలిన జాగా మనుషులకు. అదే చెప్తా" అన్నాడు.

"నౌకరీ పోతది."

"పోతాది."

బృందం ముందు కూడా అదే చెప్పాడు. అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. టైపు చేసినామె తను చెప్పింది కొట్టింది, అంతకుమించి ఆమెకేమీ తెలియదు అన్నాడు. నేను ఆ గదిలోనే, మినిట్స్ పుస్తకం ముందు పెట్టుకుని ఉన్నాను. నాకు తెలుసు అని చెప్పలేదు. మా అమ్మాయి స్కూలు ఫీజు, మా ఆయన ఇఖామా, నా ఇఖామా, అన్నీ ఆ ఒక్క నిమిషంలో కళ్ల ముందు తిరిగాయి. తల వంచుకుని రాస్తూ కూర్చున్నాను. ఆయన కొలతల పుస్తకం తెరిచి, ఆరు మీద ఒక గీత గీసి, పక్కన రెండు అని రాసి, కింద సంతకం పెట్టి, వాళ్ల ముందుకు తోశాడు.

ఇక మీదట ఆయన కొలతలు చెల్లవని ఉత్తరం వచ్చింది. రెండు పార్టీలూ ఒకే రోజు సంతకాలు పెట్టాయి. నా ఉద్యోగంలో అట్లా జరగడం అదొక్కసారే చూశాను. అదనంగా కట్టిన పన్నెండు మీటర్ల ఖర్చు తాము ఇవ్వబోమని ఇద్దరూ రాశారు. అది మా కంపెనీ మీద పడింది. కంపెనీ ఆయన సర్వీసు డబ్బులోంచి పట్టుకుంది.

ఆ లెక్క, పైన ఆయన పేరుతో సహా, టైపు చేసిందీ నేనే. ఆయన సంతకం పెట్టడానికి వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, కాగితం దగ్గరగా పట్టుకుని చదివాడు. వేలితో ఒకచోట ఆపాడు.

"పన్నెండు కాదు పాపా. కట్టినంక కొలిస్తే పదకొండు పాయింటు తొమ్మిది ఆరు ఉండాది. సరిచెయ్యి."

సరిచేశాను. నాలుగు దీనార్లో ఎంతో తగ్గింది. అప్పుడు ఆగలేక అడిగాను. "ఎందుకండీ, ఆ ఉత్తరం మీద ఒక్క సంతకం పెడితే పోయేది కదా? ఎలాగూ ఒకసారి రాశారు."

సంతకం పెట్టి, కలం నాకిచ్చి, అట్టపెట్టెల మీద కూర్చున్నాడు. అలసిపోయి కూర్చున్న మనిషి, అంతే. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

"ఆ ఒక్కటి మోసేదానికే రెండేండ్లు నా పానం సాలకపాయ పాపా. ఇంగోటి ఎత్తుకోలేను. రాసినందుకు నాకేం బాధ లేదు. మళ్లా రాయమన్నా రాస్తా. అయితే అది సరైన లెక్క అని మాత్రం నాతో అనిపియ్యాకండి" అన్నాడు.

నేను ఆయనకు క్షమాపణ చెప్పాలి. నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది, నేను ఎత్తాను. మాట్లాడి పెట్టేసేసరికి ఆయన లేచి స్వెటరు మడత పెట్టుకుంటున్నాడు. ఊళ్లో దీంతో పనేముందని, ఆఫీసులో టీ ఇచ్చే శ్రీలంక అతనికి ఇచ్చేసి వెళ్లిపోయాడు.

ఊరు వెళ్లాక రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ జూలైలోనే. "ఎండలు ఎట్లుండాయి పాపా?" అని అడిగాడు. "బాగా ఉన్నాయండీ" అన్నాను. "నీళ్లు తాగు" అన్నాడు. షెడ్డు గురించి తను అడగలేదు. రెండోసారి నేనే చెప్పాను.

అనుమతి లేని ఆ భాగాన్ని తీసేయాలని రెండు పార్టీలూ రాశాయి. తీసేయడానికి పనివాళ్లు కావాలి, క్రేను కావాలి, రేకులు తీసుకెళ్లే లారీ కావాలి. దాని ఖర్చు ఎవరిది? కట్టడాలు తమ వాటాలో లేవు కాబట్టి కూల్చడం కూడా లేదని మొదటి పార్టీ అంది. తాము ఒప్పుకోని కట్టడం మీద, కూల్చడానికైనా సరే, డబ్బు ఖర్చు పెట్టడానికి తమ చట్టం ఒప్పుకోదని రెండో పార్టీ అంది. వర్క్ ఆర్డరు లేనిదే తాము మేకు కూడా పీకమని మా కంపెనీ అంది. ఇదంతా ఆయనకు చెప్పాను. అవతల దగ్గినట్టు ఒక చప్పుడు వినిపించింది. దగ్గు కాదది. నవ్వుతున్నాడు. ఊపిరందక ఆగి, మళ్లీ నవ్వాడు. ఆ మనిషి అంతసేపు నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

ఆయన పోయాడని తెలిసిన నాలుగు రోజులకు, అంటే నిన్న, మొదటి పార్టీ నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. పన్నెండు మీటర్లను ఎప్పటిలోగా తీసేస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు, ఆలస్యానికి కారణమేమిటి అని. మేనేజర్ దాని మూల "తగు చర్య" అని రాసి నా ట్రేలో వేశాడు. కవరింగ్ లెటర్ టైపు చేశాను. పాత ఉత్తరాలన్నీ తారీఖుల వరసలో జత చేశాను. అభిప్రాయం తెలుపవలసిందిగా కోరుతూ రెండో పార్టీకి పంపాను. నాలుగో అనుబంధం పెట్టలేదు. మరిచిపోయానని చెప్తాను. అది లేదని వాళ్లు తిప్పి పంపడానికి ఆరు వారాలు పడుతుంది. నేను మళ్లీ పంపడానికి రెండు. వాళ్లు చదివి, తమది కాదని రాయడానికి ఇంకొన్ని.

అప్పటికి అక్టోబరు వస్తుంది. ఎండలు తగ్గుతాయి.